గ్యాలరీలో మాట్లాడరాదు

“ఆ ప్రశ్న వెనక్కి తీసుకో! ముందు వెనక్కి తీసుకో!”

హెడ్మాస్టరు కేకకి హాలు రేకుల మీద వాన కూడా కాస్త జంకినట్టయింది.

“తీసుకోను అధ్యక్షా,” అంది మైకు.

మైకు పదో తరగతి అమ్మాయి. పొద్దున్న పిల్లల వరసల ముందు నిలబడి ఆ పిల్ల వార్తలు చదివితే అసలు మైకు కట్టేసుకోవచ్చు. అందుకే ఆ పేరు. ఇవాళ బడిలో జరుగుతున్న మాదిరి పార్లమెంటులో ఆమె ప్రతిపక్ష నాయకురాలు.

“తీసుకోవా? ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా?”

“తెలుసు అధ్యక్షా. గ్యాలరీలో కూర్చున్నవారితో. గ్యాలరీలో ఉన్నవారికి సభలో మాట్లాడే హక్కు లేదు అధ్యక్షా.”

 హెడ్మాస్టరు వరండాలో నడిస్తే పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ మాయమైపోతారు. వాళ్ళు చాటుగా ఆయనకి పెట్టుకున్న పేరు కర్ఫ్యూ సార్. ఆయనకి ఎదురు చెప్పిన మనిషిని ఆ బడి గోడలు ఇంతవరకూ చూడలేదు.

ఎత్తైన కుర్చీలో స్పీకరు కళ్ళజోడు సవరించుకున్నాడు. మామూలు రోజుల్లో చివరి బెంచీలో కూర్చుని పేరు పిలిస్తే పలకడానికే భయపడే కుర్రాడు. స్పీకరుగా అతన్ని ఎంచినప్పుడు అందరూ నవ్వారు. ఇప్పుడు ఆ గొంతు వణికింది గానీ ఆగలేదు.

“గ్యాలరీలో మాట్లాడరాదు. మళ్ళీ మాట్లాడితే మార్షల్స్ చేత బయటికి పంపించాల్సి ఉంటుంది.” ఒక్క క్షణం ఆగి, “సార్,” అని కలిపాడు.

మార్షల్స్ అంటే వాలీబాల్ జట్టు కుర్రాళ్ళు ఇద్దరు. ఆ మాటకి వాళ్ళిద్దరూ చెరో స్తంభం వెనక్కీ తప్పుకున్నారు.

హెడ్మాస్టరు పక్క కుర్చీలో విద్యాశాఖ అధికారిణి నవ్వు ఆపుకుంటోంది. చెప్పాపెట్టకుండా తనిఖీకి వచ్చిన మనిషి.

“కూర్చోండి హెడ్మాస్టరు గారూ. రూల్ రూలే.”

ఆయన కూర్చున్నాడు. గళ్ళ రుమాలుతో మొహం తుడుచుకున్నాడు. మైకు ప్రశ్న అడగడానికి లేచినప్పటి నుంచీ ఆ రుమాలు ఆయన చేతిలో జెండాలా ఊగుతూనే ఉంది.

ఇంత గొడవకీ కారణమైన ఆ ప్రశ్న ఇది:

“విద్యామంత్రి గారు దయచేసి తెలియజేస్తారా? ఒకటి, మన సివిక్స్ మేడమ్ ఈ నెలాఖరుకి బదిలీ మీద వెళ్ళిపోతున్న మాట నిజమేనా? రెండు, నిజమైతే, ‘వెళ్ళొద్దు’ అని ఒక్క మాట అంటే ఆవిడ ఆగిపోతారు కదా, ఆ మాట అనగలిగిన మనిషి ఈ హాల్లోనే కూర్చుని నోరు విప్పకపోవడానికి కారణాలేమిటి? మూడు, ఆ నోరు విప్పించడానికి ప్రభుత్వం తీసుకుంటున్న చర్యలేమిటి?”

ప్రశ్న పూర్తవుతుండగానే, హెడ్మాస్టరు కేక కంటే ముందు, ఖంగున చప్పుడైంది. స్పీకరు కుర్చీ కింద బల్ల దగ్గర సభా కార్యదర్శిగా కూర్చున్న లెక్కల మాస్టారి చేతిలోంచి ఇత్తడి గంట జారి నేల మీద దొర్లింది.

అందరి చూపులూ గంట వైపు వెళ్ళాయి. అక్కణ్ణుంచి మాస్టారి మొహం మీదికి. అక్కణ్ణుంచి హాలు చివర స్తంభానికి ఆనుకుని నిలబడ్డ సివిక్స్ మేడమ్ మీదికి.

ఆమెకి పారిపోవాలనిపించింది. కానీ తలుపు దగ్గర వాన. ఆ తలుపు మీద ఆమె సొంత చేతిరాతతో అట్ట: ‘గ్యాలరీలో మాట్లాడరాదు.’

హెడ్మాస్టరు కూర్చున్నాక, “మంత్రిగారు సమాధానం చెప్పాలి,” అన్నాడు స్పీకరు.

విద్యామంత్రి లేచాడు. బొద్దుగా ఉంటాడు. పోయినేడు తప్పి అదే తరగతిలో మళ్ళీ కూర్చున్న అనుభవజ్ఞుడు.

“నాకు టైం కావాలి అధ్యక్షా. ఇది సిలబస్‌లో లేదు.”

“బడిలో ఏం జరుగుతోందో మంత్రిగారికి తెలీదా అధ్యక్షా?” అంది మైకు.

“తెలుసు అధ్యక్షా. బడి మొత్తానికి తెలుసు. ఆ ఇద్దరికే తెలీదు.”

హాలు గొల్లుమంది. స్పీకరుకి ఏం చెయ్యాలో తోచక, “సభ టీకి వాయిదా!” అని లేచిపోయాడు.

*

సివిక్స్ మేడమ్‌కీ లెక్కల మాస్టారికీ పరిచయం మొదలైంది పోట్లాటతో.

ఆమె బడిలో చేరిన కొత్త. తొమ్మిదో తరగతిలో ఆయన పీరియడ్ తర్వాత ఆమెది. వెళ్ళేసరికి బోర్డంతా వృత్తాలు, కోణాలు, బాణాలు. రోజూ ఆమే తుడుచుకునేది. ఓ రోజు ఓపిక నశించి గుమ్మంలోనే ఆపేసింది.

“మాస్టారూ, లెక్కలు చెప్పేవాళ్ళకి తీసివేతలు రావా?”

“వచ్చండీ.”

“అయితే మీ బొమ్మలు మీరే తీసేసి వెళ్ళొచ్చుగా?”

 ఆయన మాటే తక్కువ. చేతితో గీస్తే వృత్తం మాత్రం అచ్చుపోసినట్టు వస్తుంది. పిల్లలు ఆయన్ని సున్నా సార్ అనేది ఆ రెండు కారణాలకీ.

మర్నాడు ఆమె వెళ్ళేసరికి బోర్డు అద్దంలా ఉంది. పై మూల తేదీ, దాని కింద ఆమె ఆ రోజు చెప్పబోయే పాఠం పేరు. ‘ఎన్నికలు.’ గుండ్రటి అక్షరాలు.

ఆ తర్వాత రోజూ అంతే. ‘శాసనసభ.’ ‘న్యాయస్థానాలు.’ ‘పౌరుల హక్కులు.’ ఆ మూల చూడగానే ఆమెకి రోజు మొదలైనట్టుండేది. పాఠం చెబుతూ బోర్డు నింపేది గానీ ఆ మూల జోలికి వెళ్ళేది కాదు. పిల్లలు కూడా ఆ మూలని తుడిచేవాళ్ళు కాదు. ఎవరూ చెప్పలేదు. వాళ్ళకే తెలిసింది.

ఓ రోజు మూల ఖాళీగా ఉంది.

మర్చిపోయి ఉంటాడనుకుంది. మర్నాడూ ఖాళీయే. బోర్డు శుభ్రంగా తుడిచి ఉంది. తడిగుడ్డ పెట్టి మరీ తుడిచినట్టు ఉంది. వరండాలో ఎదురైతే ఆయన చూపు నేల మీద. స్టాఫ్‌రూంలో ఆమె కుర్చీ లాక్కుంటే ఆయన లేచి కిటికీ దగ్గరికి. ఏమైందని అడగడానికి ఆమెకి నోరు రాలేదు. అడగడానికి అసలు ఏముంది? ఆయన ఏనాడైనా ఏమైనా అన్నాడా? ఒక మనిషి బోర్డు మీద తేదీ రాయడం మానేశాడు. ఇదేం ఫిర్యాదు?

కానీ తొమ్మిదో తరగతి గుమ్మంలో అడుగు పెట్టినప్పుడల్లా కళ్ళు ఆ మూలకే వెళ్ళేవి. వెళ్ళినప్పుడల్లా ఏదో మెట్టు ఉందనుకుని అడుగేస్తే లేనట్టు గుండె జారేది. ఆదివారాలు కూడా ఆ మూల గుర్తొచ్చేది. ఇంట్లో ఖాళీ గోడ చూసినా గుర్తొచ్చేది.

చివరికి బదిలీకి అర్జీ పెట్టింది.

బడిలో తోటి టీచర్లెవరికీ చెప్పలేదు. ఇంట్లో ఒక్క మావయ్యకి చెప్పింది. అమ్మ పోయిన దగ్గర్నుంచీ పెంచింది ఆ మేనమామే. పెళ్ళి చేసుకోకుండా ఉండిపోయిన మనిషి. ఆ ఇంట్లో ఉన్నది వాళ్ళిద్దరే.

“నెలాఖరుకి వెళ్ళిపోతాను మావయ్యా. ఇక్కడ నాకు బాగాలేదు.”

“ఒంట్లోనా?”

“కాదు.”

మావయ్య ముద్ద మింగలేక మంచినీళ్ళు తాగాడు. జేబులోంచి రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

“నేనేమైనా తప్పు చేశానా అమ్మడూ?”

“నువ్వేం చేస్తావు మావయ్యా?” అని ఆమె కంచం తీసుకుని లేచిపోయింది.

*

వాయిదా పడ్డ సభ వరండాలో మళ్ళీ సమావేశమైంది. మైకుని గోడకి నిలబెట్టి విచారణ.

“ఈ ప్రశ్న నీది కాదు,” అంది అధికారిణి. ఆవిడ మాట మెత్తగానే ఉంది గానీ వదిలే రకంలా లేదు. “పెద్దవాళ్ళెవరో నేర్పారు. ఎవరమ్మా?”

“చెప్పకూడదండీ. సభలో అన్న మాటకి బయట ఎవరూ సంజాయిషీ అడగకూడదు. మేడమే చెప్పారు.”

పక్కనే నిలబడ్డ సివిక్స్ మేడమ్‌కి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ పాఠం తనే చెప్పింది. పరీక్షలో వస్తుందని రెండుసార్లు చదివించింది కూడా.

హెడ్మాస్టరు గొంతు సవరించుకున్నాడు. “చూడూ, పేరు చెప్తావా, మీ ఇంట్లోవాళ్ళని పిలిపించమంటావా?”

మైకు ఆయన కళ్ళలోకి సూటిగా చూసింది.

“చెప్పమంటారా సార్?”

“ఆఁ... వద్దు. అంటే... ఆలోచించుకుని చెప్పు. తొందరేం లేదు.”

“తొందరుంది,” అంది అధికారిణి. “చిన్నపిల్లని అడ్డం పెట్టుకుని ఒక టీచరు సొంత విషయం సభకెక్కించారు. ఎవరో తేలకుండా నేను ఇక్కణ్ణుంచి కదలను. ఈ అమ్మాయి చెప్పకపోతే ఆ తప్పు ఈ అమ్మాయి మీదే రాసుకోవాలి.”

మైకు పెదవులు బిగించుకుంది. గొంతు అంత పెద్దదైనా కళ్ళు పదో తరగతి పిల్లవే. వాటిల్లో నీళ్ళు తిరిగాయి.

“నేనేనండీ.”

అందరూ వెనక్కి తిరిగారు. లెక్కల మాస్టారు. చేతిలో గంట.

“ఆ ప్రశ్న నేనే నేర్పాను. పిల్లని వదిలెయ్యండి.”

“అబద్ధం!” అని మైకు అరిచింది. ఆ అరుపుకి సైకిల్ స్టాండులో పిచ్చుకలు లేచిపోయాయి.

“నువ్వు లోపలికి వెళ్ళమ్మా,” అన్నాడు మాస్టారు.

అధికారిణి ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. హెడ్మాస్టరు వైపు తిరిగి, “మీరేమంటారు?” అంది. ఆయన రుమాలు ఇంకో జేబులో వెతుక్కుంటూ, “సభ... సభ అయ్యాక చూద్దామండీ,” అని ఆవిడని లోపలికి తీసుకుపోయాడు.

వరండాలో ఇద్దరే మిగిలారు. చూరు నుంచి వాన నీళ్ళు తెరలా జారుతున్నాయి.

ఆమె ముందు మాట్లాడింది. ఎన్నాళ్ళకో.

“ఎందుకు అబద్ధమాడారు?”

“అబద్ధమని మీకెలా తెలుసు?”

“గంట.”

ఆయన గంట వైపు చూసుకున్నాడు.

“తను వేయించిన ప్రశ్నకి తనే గంట జారవిడుచుకుంటాడా ఎవడైనా? నేను వెళ్తున్న సంగతి మీకు అప్పుడే తెలిసింది. అవునా?”

ఆయన తల ఊపాడు.  “మైకుకి మచ్చ పడితే చెరగదు. నాకేం, మహా అయితే నాలుగు చీవాట్లు.”

“అంతేనా?”

“ఇంకేం?”

“మీ పేరూ నా పేరూ కలిపి ఊరంతా చెప్పుకుంటుంది. దానికేం లేదా?”

ఆయన మొహం పాలిపోయింది. “నిజమే. మీకు ఇబ్బంది అవుతుందని ఆలోచించలేదు. ఈ సమయంలో అసలే...”

“ఈ సమయంలో ఏమిటి?”

 చూరు నీళ్ళు ఆయన భుజం మీద పడుతున్నాయి. పక్కకి జరగాలన్న స్పృహ కూడా లేదు. జరగండి అనబోయి ఆమె ఆగిపోయింది. ఆ మాట అనే హక్కు తనకుందా? చెయ్యి చాస్తే అందేంత దూరం. ఆ కాస్త దూరంలోంచే ఇంతకాలం ఒక ఖాళీ మూల తనని చూస్తూ ఉంది.

“నిజంగానే వెళ్తున్నారా?” అన్నాడాయన.

“వద్దనడానికి ఎవరున్నారు మాస్టారూ?”

ఆయన నోరు తెరిచాడు. ఏదో మాట పెదవుల దాకా వచ్చింది. ఆమెకి కనిపించింది.

లోపల్నుంచి బల్ల మీద చరుపులు. స్పీకరు డస్టరుతో బల్ల వాయిస్తున్నాడు. “సభ మొదలవుతోంది! గంట ఏదీ?”

మాట వెనక్కి వెళ్ళిపోయింది.

“వెళ్ళండి,” అందామె. “మీకు గంట కొట్టడమే వచ్చు.”

*

మైకు కూర్చోలేదు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“అధ్యక్షా! సభా కార్యదర్శి గారు చెయ్యని నేరం ఒప్పుకున్నారు. ఇది సభని తప్పుదారి పట్టించడం. ఆయన్ని గీత దగ్గరికి పిలిపించి నిజం చెప్పించాలి.”

సభ్యులు కానివాళ్ళని సభ ప్రశ్నించాలంటే, వాళ్ళు నేల మీద గీసిన గీత దగ్గర నిలబడి జవాబు చెప్పాలి. సివిక్స్ మేడమ్ పాఠం. హాలు మధ్య దారిలో సుద్దతో గీసిన ఆ గీత లెక్కల మాస్టారిది. స్కేలు పెట్టకుండా గీసినా వెంట్రుకవాసి వంకర లేదు.

“ప్రభుత్వం ఏమంటుంది?” అన్నాడు స్పీకరు.

“అభ్యంతరం లేదు అధ్యక్షా,” అన్నాడు విద్యామంత్రి. “ప్రభుత్వానికీ ఆత్రంగానే ఉంది.”

“అనుకూలంగా ఉన్నవారు అవును అనండి.”

“అవును!” రేకులు దద్దరిల్లాయి.

“వ్యతిరేకంగా ఉన్నవారు?”

గ్యాలరీలో హెడ్మాస్టరు చెయ్యి సగం లేచి, అధికారిణి చూపుకి మళ్ళీ ఒళ్ళో పడింది.

లెక్కల మాస్టారు గంట బల్ల మీద పెట్టి వచ్చి గీత దగ్గర నిలబడ్డాడు. చొక్కా భుజం ఇంకా తడిగానే ఉంది.

“సార్, మీరు నన్ను చూసే మాట్లాడాలి,” అన్నాడు స్పీకరు. “ఇంకెవరి వైపూ చూడకూడదు. అది రూలు.”

“అలాగే అధ్యక్షా.”

“ప్రశ్న మీరే వేయించారా?”

“లేదు అధ్యక్షా.”

“మరి రెండో భాగానికి జవాబు చెప్పండి. నోరు విప్పకపోవడానికి కారణాలేమిటి?”

 వాన పల్చబడింది. మాస్టారు స్పీకరు కళ్ళజోడు వైపే చూస్తూ మొదలుపెట్టాడు.

“నాకు మాటలు రావు అధ్యక్షా. రోజూ పీరియడ్ అయ్యాక బోర్డు తుడిచి, మూల తేదీ రాసేవాణ్ణి. కింద పాఠం పేరు. అంతకంటే ఎక్కువ చెప్పడం నాకు చేతకాలేదు.”

“తేదీ రాయడంలో ఏముంది సార్?”

“తేదీ రాయడానికి ఎంతసేపు పడుతుంది అధ్యక్షా? ఆవిడ గుమ్మంలోకి వచ్చేదాకా నేను దాన్ని దిద్దుతూనే ఉండేవాణ్ణి. ఆవిడ వచ్చి, ‘ఇంకా అవలేదా మాస్టారూ’ అనేవారు. ఆ మాట వింటే నాకు ఆ రోజుకి సరిపోయేది.”

వెనక స్తంభం దగ్గర సివిక్స్ మేడమ్ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడే తెలిసింది తన చెంపలు తడిగా ఉన్నాయని.

“అధ్యక్షా!”

అన్నది ఆమే. తలుపు మీద తన రాత తననే చూస్తోంది.

“గ్యాలరీలో మాట్లాడ...” అంటూ స్పీకరు ఆగాడు. తన టీచరు. ఏడుస్తోంది. అతను ఒక నిర్ణయానికి వచ్చాడు. “గీత దగ్గరికి రండి మేడమ్.”

ఆమె నడిచి వచ్చింది. మాస్టారి పక్కన నిలబడింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా, పరీక్ష రాయబోయే పిల్లల్లా, ఎత్తు కుర్చీలో కుర్రాడి వైపే చూస్తూ నిలబడ్డారు.

“నేను వరండాలోకి ముందే వచ్చేసేదాన్ని అధ్యక్షా. లోపల సుద్దముక్క చప్పుడు వినపడేది. అది వింటూ కాసేపు గోడ పక్కనే నిలబడేదాన్ని.”

“ఎందుకు మేడమ్?”

“లోపలికి వెళ్తే ఆయన వెళ్ళిపోతారు కదా అధ్యక్షా.”

ఆయన దిద్దుతూ, ఆమె వింటూ. మధ్యన ఒక్క గోడ. ఇద్దరూ రోజూ ఆ గోడకి చెరో వైపు నిలబడే ఉన్నారు.

స్పీకరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. విద్యామంత్రి ముక్కు చీదాడు.

“ఆయన్ని ఒక్కటి అడగండి అధ్యక్షా,” అందామె. గొంతు సర్దుకుంది. “ఎందుకు మానేశారు?”

“ఎందుకు మానేశారు సార్?”

“పద్ధతిగా పెద్దవాళ్ళని అడుగుదామనుకున్నాను అధ్యక్షా. ఆవిడ పెద్దవాళ్ళెవరో నాకు తెలీదు. చెప్పగలిగిన ఒకరి దగ్గరికి వెళ్ళి నా మనసులో మాట చెప్పాను. ఆవిడకి సంబంధం కుదిరిపోయిందని, ఇక ఆ ఊసెత్తొద్దని అన్నారు.”

“సంబంధమా? నాకా?” అందామె. స్పీకరుని మర్చిపోయి మాస్టారి వైపు తిరిగిపోయింది. “ఎవరన్నారు?”

“అధ్యక్షుల వారి ద్వారా మేడమ్!”

“ఎవరన్నారో అడగండి అధ్యక్షా!”

“చెప్పలేను అధ్యక్షా. పేరు బయటపెట్టనని మాటిచ్చాను.”

“నేనూ మాటిచ్చాను అధ్యక్షా,” అంది మైకు నెమ్మదిగా. ఆ పిల్ల నెమ్మదిగా మాట్లాడగలదని ఆ రోజే అందరికీ తెలిసింది. “పేరు చెప్పను. కానీ వాళ్ళన్న మాట చెప్తాను. ‘నా స్వార్థం కోసం ఒక అబద్ధమాడి, రెండు ప్రాణాలని విడదీశాను. ఆ పిల్ల దూరమైపోతుందనే భయంతో ఆడాను. ఇప్పుడు ఆ అబద్ధం వల్లే దూరమైపోతోంది. దిద్దుకుందామంటే నాకు నోరు రావడం లేదు. నీ నోరు కాస్త అరువియ్యవే తల్లీ’ అన్నారు. నిన్నటి రిహార్సల్లోనే అడగాలి అధ్యక్షా. కరెంటు పోయి అది జరగలేదు. ఇవాళ అడుగుతుంటే దూరం నుంచి చెయ్యి ఊపారు. కానివ్వు అంటున్నారనుకున్నాను. వద్దంటున్నారని తర్వాత తెలిసింది.”

చెయ్యి ఊపారు.

సివిక్స్ మేడమ్‌కి ఎక్కడో చిన్న లెక్క మొదలైంది. తన బదిలీ సంగతి మైకుకి ఎలా తెలిసింది? నెలాఖరుకి అని కూడా ఎలా తెలిసింది? పై ఆఫీసులో ఎవరో చెప్పి ఉంటారనుకుంది ఇందాక.

గ్యాలరీలో అధికారిణి లేచి నిలబడింది.

“అధ్యక్షా, నేనూ గ్యాలరీనే. ఒక్క మాటకి అనుమతిస్తారా?”

స్పీకరు దర్జాగా తలూపాడు.

“బదిలీ అర్జీలన్నీ నా ముందుకి రావాలి. ఈ మేడమ్ పేరుతో ఏదీ నా దాకా రాలేదు. ఈవిడ అడిగారన్నది నాకూ ఈ ప్రశ్నతోనే తెలిసింది.”

రాలేదా?

అంటే ఆ అర్జీ ఈ బడి గేటు దాటలేదు. తను స్వయంగా ఒకరి చేతిలో పెట్టింది. ‘పైకి పంపిస్తానులే’ అన్న ఆ చేతిలోనే అది ఆగిపోయింది.

ఆమె మెల్లగా వెనక్కి తిరిగింది.

గ్యాలరీ మొదటి వరసలో ఆయన. గళ్ళ రుమాలు రెండు చేతులా నలుపుతున్నాడు. పిల్లలందరికీ కర్ఫ్యూ. ఇప్పుడు కుర్చీలో ఇంతే ఉన్నాడు.

“ఏమిటి హెడ్మాస్టరు గారూ, భుజాలు తడుముకుంటున్నారు?” అంది అధికారిణి.

 ఆయన చూపు గీత దగ్గర నిలబడ్డ ఇద్దరి మీదే ఉంది. ఒక చెయ్యి కాస్త పైకి లేపాడు. ఈసారి రుమాలు లేదు. ముందు మాస్టారి వైపు, తర్వాత ఆమె వైపు. ఆశీర్వదిస్తున్నట్టో, క్షమించమన్నట్టో. కళ్ళు నిండిపోయాయి. అలాంటి కళ్ళు ఆ బడి పిల్లలు ఎవరూ చూడలేదు. ఆమె చూసింది. భోజనాల దగ్గర, ‘నేనేమైనా తప్పు చేశానా అమ్మడూ’ అన్నప్పుడు.

ఉద్యోగంలో చేరిన రోజు ఆయన పెట్టిన షరతు ఒకటే. ‘గేటు దాటాక నువ్వు టీచరువి, నేను నీ సార్‌ని. చుట్టరికం గేటు బయటే.’ ఆ మాట ఆమె ఒక్కనాడూ తప్పలేదు. బడిలో ఎవరికీ తెలియనివ్వలేదు. లెక్కల మాస్టారికి కూడా.

ఆమె చెయ్యి పక్కకి చాచింది. చూడకుండానే మాస్టారి వేళ్ళు అందాయి. సుద్దపొడి గరుకు తగిలింది. ఆ వేళ్ళు ఆమె చేతిని గట్టిగా పట్టుకున్నాయి.

“వెళ్ళొద్దు,” అన్నాడాయన. అధ్యక్షుల వారి ద్వారా కాదు. నేరుగా.

“వెళ్ళను,” అందామె.

స్పీకరు అడ్డుపడలేదు. బల్ల మీద గంట తీసుకుని ఒకసారి మోగించాడు. తన జీవితంలో ఎన్నడూ లేనంత గట్టిగా అన్నాడు.

“మేడమ్! దోషి ఎవరో మీకు తెలిసిపోయింది. సభ అడుగుతోంది. పేరు పైకి చెప్పండి!”

పిల్లలంతా బల్లల మీద ముందుకి వంగారు. మైకు రెండు చేతులతో నోరు మూసుకుంది.

సివిక్స్ మేడమ్ గ్యాలరీ మొదటి వరసలోకి చూసింది. ఏడుస్తూనే నవ్వింది. నవ్వుతూనే, బడిలో ఇన్నాళ్ళూ ఒక్కసారి కూడా అనని ఆ పేరు, హాలంతా వినపడేలా పిలిచింది.

“మావయ్యా!”